మనుష్యులను మోయు డ్రోనులు: క్షేమ విచారము

గౌతమీతీరమందలి యానాం ప్రాంతమునకు వరదలు క్రొత్తవి కావు. 2022 జూలైలో గోదావరి పొంగినపుడు అచటి వీధులు జలమయములైనవి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినపుడు డ్రోనులు మేడలమీదికి ఆహారపు పొట్లములను చేరవేసినవి. అన్నమును మోసిన యంత్రము మనుష్యుని ఏల మోయరాదు?

పొట్లము జారిపడిన నష్టము స్వల్పము. మనుష్యుడు పడిన ప్రాణమే పోవును. భేదమంతయు ఇందే కలదు.

నాలుగు ప్రొపెల్లర్ల డ్రోనులో ఒకటి ఆగిన సమతూకము చెడును. హెలికాప్టరు ఇంజను ఆగినను, దిగునపుడు క్రిందినుండి వీచు గాలికి దాని పెద్ద రెక్కలు తిరుగుచు పతనవేగమును తగ్గించును. డ్రోనుల చిన్న రెక్కలకు ఆ శక్తి చాలదు. కావున ఏ యొక్క భాగము చెడినను తక్కినవి భారము వహింపవలెను. చైనాలో 2023 అక్టోబరున ప్రభుత్వ యోగ్యతాపత్రము పొందిన ఈహాంగ్ వారి ఇద్దరు ప్రయాణికుల వాహనమునకు 8 చేతులపై 16 ప్రొపెల్లర్లు కలవు.

అయితే భాగములు పెరిగినకొలది బరువు పెరుగును. సమానమైన తూకమున బ్యాటరీ నిలువచేయు శక్తి పెట్రోలులోని శక్తికంటె మిక్కిలి తక్కువ. బరువు హెచ్చినచో ప్రయాణదూరము తగ్గును. క్షేమమునకును దూరమునకును గల ఈ పోటీయే నిర్మాతల ముఖ్యసమస్య.

హైదరాబాదు ఐ.ఐ.టి.లో స్వయంచాలిత వాహనముల పరీక్షలకై 2022లో టిహాన్ క్షేత్రము ప్రారంభమైనది. ఇట్టిచోట్ల మనుష్యునికి మారుగా బరువులనుంచి, ఒక్కొక్క మోటారును కావలెనని ఆపి చూడవలెను. వరదనాడు మెట్టకూరు మేడపైనుండి ఒక తల్లి బిడ్డతో ఎక్కవలసిన వాహనము ఎగురగలిగిన చాలదు. చెడినను క్షేమముగా దింపగలిగి యుండవలెను.