పులిసిన తొట్టికి బొగ్గు మందు

గోబర్ గ్యాసు తొట్టి ఉన్న ఇంట్లో పెళ్ళి జరిగింది. మర్నాడు మిగిలిన అన్నం, కూరలు గంగాళాలకొద్దీ తొట్టిలో పోశారు. మేత ఎక్కువైతే గ్యాసూ ఎక్కువ వస్తుందని ఆశ! నాలుగు రోజుల తరువాత పొయ్యి వెలిగించబోతే మంట అంటుకోలేదు. గ్యాసు వస్తూనే ఉంది, కాని మండదు. తొట్టి దగ్గర పుల్లటి కంపు. ఏమైంది?

తొట్టిలో ఆమ్లజని లేకుండా బతికే సూక్ష్మజీవులు వంతులవారీగా పనిచేస్తాయి. ముందు జట్టు పిండిపదార్థాలను, మాంసకృత్తులను విరగ్గొట్టి ఆమ్లాలుగా మారుస్తుంది. వినెగారులో ఉండే ఎసిటిక్ ఆమ్లం వాటిలో ఒకటి. చివరి జట్టు ఆ ఆమ్లంనుంచీ, ఉదజనినుంచీ మీథేన్ తయారుచేస్తుంది. మండేది ఈ మీథేనే. ముందు జట్టు చురుకైనది, గంటల్లో సంతతిని రెట్టింపు చేసుకుంటుంది. మీథేన్ జీవులకు రోజులు పడుతుంది. పైగా అవి సుకుమారమైనవి, పి.హెచ్. 7కు దగ్గరలో ఉంటేనే హాయిగా ఉంటాయి. మేత ఒక్కసారిగా పెరిగితే ఆమ్లం పేరుకొని వాటి పని ఆగిపోతుంది. అప్పుడు వచ్చే గ్యాసులో చాలా భాగం కార్బన్ డయాక్సైడే. అది ఎలా మండుతుంది?

ఇల్లయితే నాలుగు రోజులు కట్టెల పొయ్యితో సరిపెట్టుకోవచ్చు. హైదరాబాదులోని బోయినపల్లి మార్కెట్టులో 2021 నాటికి రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్తనుంచి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తీసేవారు. అంత పెద్ద తొట్టి పులిస్తే?

మేత ఆపి సున్నపు నీళ్ళు పోయడం పాత వైద్యం. కొత్త మందు బయోచార్. పేరు కొత్తదే కాని, కొబ్బరి చిప్పలను, కంది కట్టెను గాలి సరిగా అందకుండా కాలిస్తే వచ్చే బొగ్గే అది. దానిలోని బూడిద క్షారం కాబట్టి పులుపును కొంత విరుస్తుంది. దాని సూక్ష్మరంధ్రాలు మీథేన్ జీవులకు కొట్టుకుపోకుండా గూళ్ళవుతాయి.

అన్నిటికంటే వింత ఇంకొకటుంది. మామూలుగా ఒక జట్టు తనవద్ద మిగిలిన ఎలక్ట్రాన్లను ఉదజని రూపంలో రెండో జట్టుకు అందిస్తుంది. ఉదజని పేరుకుపోతే ఆ బేరం ఆగిపోతుంది. బొగ్గు ఉంటే అదే తీగలా ఎలక్ట్రాన్లను మోస్తుంది! 2014లో అమెరికాలో జియోబాక్టర్, మీథనోసార్సినా అనే జీవులను బయోచార్‌తో కలిపి పెంచి చూశారు. అవి ఒకదాన్నొకటి తాకకుండా, బొగ్గును పట్టుకునే ఉండి ఎలక్ట్రాన్లు మార్చుకున్నాయి. అయితే బొగ్గులన్నీ ఒకే తీరుగా పనిచేయవు. మోతాదు మించితే గ్యాసు తగ్గనూవచ్చు.

మీరూ చూడవచ్చు. రెండు సీసాల్లో సమానంగా పేడనీళ్ళు, కాస్త అన్నం వేయండి. ఒకదానిలో చెంచాడు కట్టెబొగ్గు పొడి కలపండి. రాక్షసి బొగ్గు పనికిరాదు. మూతలు బిగించకుండా మూతులకు బెలూన్లు తొడిగి నీడన ఉంచండి. దగ్గరకు నిప్పు తేవద్దు. బెలూను బాగా ఉబ్బితే ఆరుబయట గాలి వదలండి. తొలి రోజుల్లో వచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడే, తొందరపడకండి. బెలూను చుట్టుకొలతను రోజూ దారంతో కొలవండి. నాలుగు రోజులకొకసారి నీలి లిట్మస్ ముంచి, ఏ సీసా ముందు దాన్ని ఎర్రగా మారుస్తుందో రాసుకోండి.