వేరుశనగ చేనులో జన్యువుల మీటలు

మడకశిర ప్రాంతపు ఎర్రనేలలలో వేరుశనగ ఎక్కువగా వాననే నమ్ముకొన్న పంట. విత్తిన తరువాత వాన ముఖము చాటువేసినచో మొక్క ఆకులను ముడుచుకొనును, పత్రరంధ్రములను మూసికొనును. ఇందుకు కావలసిన జన్యువులు మొక్కలో ఎల్లప్పుడును ఉన్నవి గదా! మరి ఎండు దినములలోనే అవి మేలుకొనుట ఎట్లు?

జన్యువుకు సమీపమున ఒక నియంత్రక భాగము కలదు. అది దీపమునకు మీట వంటిది. కణములోని కొన్ని ప్రోటీనులు వచ్చి దానిపై అంటుకొన్నప్పుడు జన్యువు పనిచేయును. ఆ ప్రోటీనులే మీటను నొక్కు చేతులు. సూక్ష్మజీవులలో జన్యువుల పని ఇట్లు అదుపులో నుండునని జాకబ్, మోనో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1961లో వివరించిరి.

మనుష్యుని ప్రోటీనులకును, చింపాంజీ ప్రోటీనులకును భేదము మిక్కిలి స్వల్పము. కనుక ఈ రెండు జాతుల తేడాలకు ముఖ్యకారణము నియంత్రణలోని మార్పులే కావలెనని కింగ్, విల్సన్ 1975లో వాదించిరి. దీపములు ఒకటే, వెలుగు వేళలు, వెలుగు మోతాదు వేరు.

అయితే మార్పు మీటలో వచ్చినదా, చేతిలో వచ్చినదా? దీనిని తేల్చుటకు రెండు జాతులను సంకరము చేయవలెను. సంకరజీవి కణములో రెండు మీటలకును అవే చేతులు పనిచేయును. అప్పటికిని తేడా నిలిచియుండినచో మార్పు మీటలోనిది; తేడా మాయమైనచో చేతులలోనిది. 2004లో రెండు జాతుల పండ్ల ఈగలలో 29 జన్యువులను ఇట్లు పరీక్షింపగా, 28 జన్యువుల మీటలు మారినట్లు తేలినది. 16 జన్యువుల విషయమున చేతులును మారియున్నవి.

మన వేరుశనగయే ప్రకృతి చేసిన అట్టి సంకరము. దక్షిణ అమెరికాలోని రెండు అడవి జాతుల కలయికవలన అది పుట్టినది. ఒక్కొక్క జాతి నుండి 20 చొప్పున దానికి 40 క్రోమోసోములు వచ్చినవి. ఆ అడవి జాతుల జన్యుపటములు 2016లో వెలువడినవి. ఒకే కణములో నున్నను, కొన్ని జంటలలో ఒక జాతి నుండి వచ్చిన జన్యువు ఎక్కువగాను, రెండవది తక్కువగాను పనిచేయుచున్నవి. ఈ తేడాలలో కొన్ని తల్లిదండ్రుల నుండి వచ్చినవి, కొన్ని తరువాత ఏర్పడినవి.

ఈ జ్ఞానము కరవు నేలకు ఎట్లు ఉపకరించును? ఆవ కుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో, అనావృష్టిని తట్టుకొనుటకు తోడ్పడు ఒక జన్యువును ఎల్లవేళల పనిచేయునట్లు చేయగా మొక్క గిడసబారినది. ఎండు సమయముననే మేల్కొను మీటను దానికి అమర్చినప్పుడు మొక్క చక్కగా పెరిగి, ఎండనూ ఓర్చినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఇదే జన్యువును, ఇదే మీటతో వేరుశనగలో ప్రవేశపెట్టిరి. నీరు తక్కువైనప్పుడు వానిలో కొన్ని మొక్కలు నీటిని పొదుపుగా వాడుకొన్నవని 2007లో ప్రకటించిరి. ఇది పరిశోధనాలయపు ఫలితమే. ఆ విత్తనము రైతుల చేలకు రాలేదు.

కావున ఒక మొక్కలో ఏ జన్యువు కలదని మాత్రమే అడిగిన చాలదు. అది ఎప్పుడు, ఎక్కడ, ఎంత పనిచేయునని కూడ విద్యార్థులు అడుగవలెను.