పక్కన పడుకున్నవాడికీ టీకా రక్షణే

మన ఎర్రుపాలెం హాస్టలు గదిలో ఒక్కరికి తట్టు వచ్చిందనుకోండి. ఒళ్ళు పేలడానికి నాలుగు రోజుల ముందు నుంచే అతని దగ్గుతో, తుమ్ముతో క్రిములు గాలిలో కలుస్తుంటాయి. అతను వెళ్ళిపోయాక కూడా రెండు గంటల వరకు అవి ఆ గాలిలో ఉండగలవు. దగ్గరగా మెలిగేవారిలో రక్షణ లేనివారు పదిమంది ఉంటే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. చాప పక్కన చాప వేసుకుని పడుకునే మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

తట్టు టీకాలో ఉండేది ఆ క్రిమే, కాని బలం తగ్గించినది. కొన్ని టీకాల్లో చచ్చిన క్రిమి గాని, దానిలోని ఒక ముక్క గాని ఉంటుంది. దానిపై మన తెల్ల రక్తకణాలు ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. వాటిలో కొన్ని కణాలు ఆ శత్రువు ఆనవాలును ఏళ్ళ తరబడి గుర్తుంచుకుని, అసలు క్రిమి రాగానే ఎదుర్కొంటాయి.

నూటికి 95 మంది తట్టు టీకా రెండు మోతాదులూ వేయించుకుంటే క్రిమికి దారి దొరకదు. టీకా వయసు రాని పసిపాప కూడా క్షేమంగా ఉంటుంది. మశూచి ఇలాగే మన దేశంలో 1975లో ఆగింది. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ధనుర్వాతం మాత్రం వేరు. దాని క్రిమి మట్టిలో ఉంటుంది, మనిషి నుంచి మనిషికి అంటదు. ఊరంతా సూది వేయించుకున్నా మీ కాలిలో దిగిన మేకుకు అది అడ్డం రాదు. అందుకే పదేళ్ళకు, పదహారేళ్ళకు వేసే టీడీ సూది ఎవరిది వారే వేయించుకోవాలి.

టీకా మంచిదైనంత మాత్రాన చాలదని మన ఖమ్మం జిల్లాలోనే తేలింది. 2009లో భద్రాచలంతో సహా మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమమది. కొందరు బాలికలు చనిపోయారన్న ఆందోళనతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని విచారణ సంఘం చెప్పింది. కాని ఎన్నో అనుమతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకాను నేటికీ ఎన్నో దేశాలు వాడుతున్నాయి. తప్పు జరిగింది అడగవలసిన చోట అడగకపోవడంలోనే. ఆ బాలికల్లో చాలామంది మనలాగే హాస్టలు పిల్లలు. ఇంటిదగ్గర అమ్మకు ఆ టీకా పేరైనా తెలిసి ఉండదు.