మీకు తెలుసా? తిరుపతి ఎండకు సీసాల్లో పరీక్ష పెట్టారు!

ఎండాకాలం మధ్యాహ్నం పాకాల జంక్షన్‌లో రైలు దిగితే చెప్పుల్లోంచి కూడా వేడి తెలుస్తుంది. ఇంత ఎండ కాసే చోట, ఎండ వల్ల వచ్చే విటమిన్ డికే కరువంటే నమ్ముతారా? ఇక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో హార్మోన్ల వైద్యుడిగా పనిచేసిన డాక్టర్ సి.వి. హరినారాయణ్ తన బృందంతో కలిసి ఈ చిక్కుముడి మీద వరసగా పరిశోధన పత్రాలు రాశారు. వాటిలోంచీ, వాటి చుట్టూ ఉన్నవీ కొన్ని సంగతులు.

● పేరుకు విటమిన్, పనికి హార్మోన్: ఎండ తగిలితే డి మన చర్మంలోనే పుడుతుంది. కాలేయంలో ఒకసారి మారుతుంది. దానికి అసలు శక్తి వచ్చే చివరి మార్పు జరిగేది కిడ్నీలో. మదనపల్లె లైను మీద వచ్చే బండి తిరుపతి చేరాలంటే పాకాల మీదుగా రావాల్సిందే కదా, డికి కిడ్నీ అలాంటి జంక్షన్. ఈ సంగతిని 1970లో కేంబ్రిడ్జ్‌లో ఫ్రేజర్, కోడిచెక్ కనుక్కున్నారు. కిడ్నీ దెబ్బతింటే ఎముకలూ గుల్లబారేది ఇందుకే.

● చేలో ఉన్నా చాలలేదు: 2007లో అమెరికన్ క్లినికల్ న్యూట్రిషన్ పత్రికలో వచ్చిన పత్రం కోసం పట్నంలో 943 మందిని, పల్లెల్లో 205 మందిని పరీక్షించారు. అందరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. పల్లె మగవాళ్లలో 44 శాతం మందికి, ఆడవాళ్లలో 70 శాతం మందికి డి లోపం ఉంది. పట్నంలో ఇంకా ఎక్కువ: మగవాళ్లు 62 శాతం, ఆడవాళ్లు 75 శాతం. పల్లె ఆడవాళ్లలో డి నిండుగా ఉన్నది నూటికి ఒక్కరికే!

● రాగి సంగటిలో కాల్షియం ఉంది, కానీ...: రాగుల్లో కాల్షియం దండిగా ఉంటుంది. దాంతోపాటు ఫైటేట్ అనే పదార్థమూ ఉంటుంది. అది పేగుల్లో కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. తిండిలో కాల్షియంతో పోలిస్తే ఫైటేట్ వంతు పట్నం కంటే పల్లెల్లోనే ఎక్కువని ఆ 2007 పత్రం తేల్చింది. కాల్షియం చాలకపోతే ఒళ్లు డిని తొందరగా ఖర్చు పెట్టేస్తుంది. అంటే ఎండలో సంపాదించింది ఇంట్లో కరిగిపోతుందన్నమాట. రాగులు నానబెట్టి మొలకలెత్తిస్తే ఫైటేట్ తగ్గుతుంది.

● ఖడ్గమృగం మెడలో దొరికిన గ్రంథి: రక్తంలో కాల్షియం తగ్గగానే ఎముకల్లోంచి లాగి సర్దే హార్మోన్‌ను పారాథైరాయిడ్ గ్రంథులు వదులుతాయి. థైరాయిడ్ వెనక మామూలుగా నాలుగుంటాయి, ఒక్కోటి బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. ఇంత చిన్నదాన్ని మొదట గమనించింది మనిషిలో కాదు. లండన్ జూలో చనిపోయిన మన దేశపు ఖడ్గమృగాన్ని కోసి చూసినప్పుడు రిచర్డ్ ఓవెన్ కంటబడింది. మనుషుల్లో దాన్ని వివరించింది 1880లో, స్వీడన్‌కు చెందిన శాండ్‌స్ట్రోమ్.

● నీళ్లలో ఫ్లోరైడ్, రెండు చోట్ల దెబ్బ: ఫ్లోరైడ్ అనగానే గారపళ్లు, వంగిన కాళ్లు గుర్తొస్తాయి. ఢిల్లీ, ఫ్రాన్స్ పరిశోధకులతో కలిసి హరినారాయణ్ 2006లో 'బోన్' పత్రికలో రాసిన పత్రం కిడ్నీని కూడా లెక్కలోకి తెచ్చింది. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపాల్సింది కిడ్నీయే. ఫ్లోరైడ్ వల్ల కిడ్నీలోని సన్నని నాళికలే పాడైతే రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది, ఆ ఆమ్లం మళ్లీ ఎముకనే తింటుంది. అందుకే దీన్ని ఎముకలకూ కిడ్నీకీ కలిపి వచ్చే జబ్బుగా చూడమన్నారు.

● ఇంతకీ సీసాల కథ: చర్మంలో డికి ముడిసరుకైన పదార్థాన్ని చిన్న గాజు సీసాల్లో పోసి, మూతులు కరిగించి మూసి, తిరుపతి ఎండలో గంటగంటకూ పెట్టి చూశారు. పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా పరీక్ష. బోస్టన్‌కు చెందిన విటమిన్ డి నిపుణుడు మైకేల్ హోలిక్ కూడా ఇందులో భాగస్వామి. 2013లో వచ్చిన ఆ పత్రం ప్రకారం, ఏడాది పొడుగునా డి బాగా తయారయ్యేది 11 నుంచి 2 గంటల మధ్య. సరిగ్గా "ఎండలో తిరగబాక!" అని అమ్మ కేకలేసే వేళ.

చలికాలంలో ఆ వేళ కాసేపు అరుగు మీద కూర్చుంటే మేలే. రోహిణి కార్తెలో మాత్రం అమ్మ మాటే వినండి.