ఇంట్లో కెమెరా చేయాలంటే సెన్సర్ ఎక్కడిది?

డిజిటల్ కెమెరాలో ఫిల్ము పని చేసేది ఇమేజ్ సెన్సర్. దాని మీద లక్షల కొద్దీ సన్నని గడులుంటాయి. వెలుగు పడినకొద్దీ గడిలో విద్యుదావేశం పోగవుతుంది. ఈ చిప్పు ఇంట్లో తయారయ్యేది కాదు, సంపాదించుకోవాల్సిందే.

1975లో అమెరికాలో వచ్చిన సైక్లాప్స్ కెమెరాకు సెన్సర్‌ ఏమిటో తెలుసా? కంప్యూటర్ మెమరీ చిప్పు! మూత తీసి వెలుగు పడనిస్తే ఇందులో మాత్రం గడుల్లోని ఆవేశం కారిపోతుంది. ఎక్కువ వెలుగు తగిలిన గడి ముందు ఖాళీ అవుతుంది. అలా 32 వరుసల్లో 32 చొప్పున 1,024 చుక్కల బొమ్మ వచ్చేది. అదే ఏడు కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ 100×100 చుక్కల సీసీడీ అనే ఇమేజ్ సెన్సర్ చిప్పుకు సినిమా కెమెరా లెన్సు తగిలించాడు. ఒక్క ఫొటో క్యాసెట్టుకెక్కడానికి 23 సెకన్లు పట్టేది.

ఇప్పుడు పాత ఫోన్లలో సెన్సర్లకు కొదవ లేదు గానీ, ఏ తీగ ఎక్కడ కలపాలో చెప్పే వివరాలను తయారీదారులు చాలావరకు బయటపెట్టరు. పాత వెబ్‌క్యామ్ నయం, సర్క్యూటంతా అందులోనే ఉంటుంది. ఓవీ7670 అనే చిన్న కెమెరా మాడ్యూల్ చౌకే. అయితే అది పంపే 640×480 చుక్కల బొమ్మ ఆర్డుయినో ఊనో అనే చిన్న సర్క్యూట్ బోర్డులోని 2 కిలోబైట్ల మెమరీలో పట్టదు. కొత్తవారికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు తగిలించే కెమెరా మాడ్యూలే సులువు.

పాత కెమెరా విప్పేటప్పుడు ఫ్లాష్ కెపాసిటర్‌ను తాకకూడదు. బ్యాటరీ తీసేసినా అందులో వందల వోల్టులు మిగిలి ఉండొచ్చు.