విజయపురిలో గ్రీకు జాడ ఎంత?

ముండ్లమూరు, దర్శి పొలాలకు నీళ్లిచ్చే నాగార్జునసాగర్ జలాశయం కింద ఒక రాజధాని మునిగి ఉంది. దాని పేరు విజయపురి. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన నగరం అది. ఆనకట్ట కడితే లోయంతా మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను విప్పి నాగార్జునకొండ మీద, అనుపులో తిరిగి నిలబెట్టారు.

అనుపులోని రంగస్థలిని చూడగానే చాలామంది ‘గ్రీకు థియేటర్’ అంటారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. గ్రీసులో పల్లెల మధ్య ఉన్న ఎపిడారస్ థియేటర్ క్రీ.పూ. 4వ శతాబ్దానిది. కొండవాలును ఆనుకుని మెట్లు అర్ధవృత్తంగా తిరుగుతాయి. అందరి చూపూ ఎదురుగా ఉన్న వేదిక మీదికే పోతుంది. విజయపురి రంగస్థలి అలా కాదు. మధ్యలో నలుచదరపు పల్లం, నాలుగు వైపులా ఇటుక మెట్లు. నాటకం కన్నా మల్లయుద్ధాల వంటి పోటీలకే ఇది బాగా కుదురుతుంది. పైగా, నాలుగు వైపులా మెట్లు దించే పనితనం ఆ నగరపు కోనేళ్లలోనూ ఉంది. కాబట్టి పోలిక ఒక్కదాన్నే పట్టుకుని ఇది గ్రీకుల కట్టడమని తేల్చలేం.

గట్టి ఆధారాలు వేరే ఉన్నాయి. రాజప్రాసాదం ఉన్న చోట దొరికిన స్తంభం మీద గడ్డపు మనిషి ఒకడు కొమ్ము ఆకారపు మధుపాత్ర పట్టుకుని నిలబడ్డాడు. గ్రీకుల మధుదేవత డయోనిసస్ రూపానికి ఇది చాలా దగ్గర. రోమన్ బంగారు నాణేలూ దొరికాయి. అభీర రాజు వసుసేనుడి కాలపు శాసనం సంజయపురి యవన (గ్రీకు) రాజులను పేర్కొంటుంది. బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనంలో యవనుల ప్రస్తావనతో పాటు కంటకసెల పేరు కూడా ఉంది. అదే నేటి ఘంటసాల, అప్పట్లో రేవు పట్టణం. 2వ శతాబ్దంలో గ్రీకు భాషలో భూగోళం రాసిన టాలమీ ఆ రేవును ‘కంటకోస్సిల’ అన్నాడు.

ఈ ఆధారాలన్నీ ఒకచోట చేరిస్తే దారి తెలుస్తుంది: పడమటి సరుకు, దానితో పాటు పడమటి రూపాలు సముద్రం మీదుగా తీరానికి చేరాయి, అక్కడి నుంచి లోపలి నగరాలకు వచ్చాయి. విజయపురి గ్రీకు నగరం కాదు, గ్రీకు లోకంతో పరిచయమున్న మన నగరం.

దొనకొండ దగ్గరి చందవరం స్తూపాన్ని చూడబోయినా ఇదే పద్ధతి పాటించాలి. రూపం ఏం చెబుతోంది? శాసనం, నాణెం దాన్ని బలపరుస్తున్నాయా? ఈ రెండు ప్రశ్నలూ అడిగాకే చరిత్ర మాట్లాడాలి.