గ్రాహం హచింగ్స్

గ్రాహం జాన్ హచింగ్స్ (జననం: 1951) బ్రిటన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త, ఆచార్యుడు. జడలోహంగా పేరుపడిన బంగారం ఉత్ప్రేరకంగా పనిచేయగలదని నిరూపించినవారిలో ఈయన ముఖ్యుడు.

ఉద్యోగ జీవితం

లండన్ యూనివర్సిటీ కళాశాలలో చదివిన హచింగ్స్ మొదట ఐసీఐలో, తరువాత దక్షిణాఫ్రికాలోని ఏఈసీఐలో పనిచేశాడు. 1984లో జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరాడు. 1987లో లివర్‌పూల్, 1997లో కార్డిఫ్ విశ్వవిద్యాలయాలకు మారాడు. 2008లో ఏర్పడిన కార్డిఫ్ ఉత్ప్రేరణ సంస్థకు సంచాలకుడయ్యాడు.

పరిశోధన

పీవీసీ గొట్టాలకు ముడిపదార్థం వినైల్ క్లోరైడ్. బొగ్గు నుండి దీనిని తయారుచేసే పద్ధతిలో ఎసిటిలీన్, హైడ్రోజన్ క్లోరైడ్‌లను కలపడానికి మెర్క్యురిక్ క్లోరైడును ఉత్ప్రేరకంగా వాడేవారు. చర్య జరిగే వేడికి అది క్రమంగా ఆవిరై పోతుంది; పాదరసం పర్యావరణంలో చేరుతుంది. వివిధ లోహ క్లోరైడుల ఉత్ప్రేరక సామర్థ్యాన్ని ఆయా లోహాల ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌తో పోల్చిన హచింగ్స్, ఈ చర్యకు బంగారమే అత్యుత్తమమని 1985లో ప్రచురించిన పత్రంలో సూచించాడు. ప్రయోగాలు దీనిని ధ్రువీకరించాయి. అయితే పరిశ్రమకు పనికివచ్చే, తక్కువ బంగారంతో ఎక్కువకాలం మన్నే ఉత్ప్రేరకం రూపొందడానికి దశాబ్దాలు పట్టింది. జాన్సన్ మాథే సంస్థ దానిని వాణిజ్య స్థాయికి తెచ్చింది. ఇందులో చర్యను నడిపేవి బంగారు కణికలు కావనీ, కర్బనంపై విడివిడిగా ఉన్న బంగారు అయాన్లనీ 2017లో ఆయన బృందం చూపింది.

ప్రాముఖ్యత

వినైల్ క్లోరైడ్ తయారీలో ఒక్కో టన్నుకు వాడే పాదరసాన్ని 2020 నాటికి, 2010తో పోలిస్తే, సగానికి తగ్గించాలని మినమాటా ఒప్పందం నిర్దేశించింది. ఇందుకు బంగారు ఉత్ప్రేరకం ఒక మార్గం చూపింది.

గుర్తింపు

హచింగ్స్ 2009లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 2013లో అదే సంస్థ నుండి డేవీ పతకం అందుకున్నాడు.